పెద్దమ్మ దింపిన లేత్ మిషన్

మా పెద్దమ్మ లేత్ మిషన్ మీద ఇనుప కడ్డీలు చెక్కి ఇల్లు నిలబెట్టిన మనిషి. అద్దె షెడ్డు ఖాళీ చేయాల్సి రావడంతో మిషన్‌ని ఇంటి కింద సెల్లార్‌లోకి దించుదామంది. ఇరుకు మెట్లు చూసి కూలీలు వెనకాడారు.

“అమ్మేద్దామే. నీ నడుం విరుగుతుంది,” అన్నాడు పెదనాన్న.

“అమ్మేసి ఏం చేయను? మీ మొహం చూస్తూ కూర్చోనా?” అంది పెద్దమ్మ.

ముందు మోటారు విప్పించింది. మెట్ల మీద మందపాటి చెక్కలు పరిపించి, మిషన్‌కి కట్టిన మోకును పైనున్న స్తంభానికి చుట్టింది. కూలీలు పక్కనుంచి గునపాలతో సర్దుతుంటే, మోకు తానే పట్టుకుని జానెడు జానెడు వదిలింది. సగం దారిలో చెక్క కిర్రుమంది. ఆమె మోకు బిగబట్టి, మిషన్ కుదురుకున్నాక మళ్లీ వదిలింది.

సాయంత్రం మోటారు మళ్లీ బిగించి స్విచ్ వేస్తే మిషన్ ఎప్పటిలాగే తిరిగింది. పెదనాన్న వీధిలో ఎదురైన ప్రతివాళ్లనీ ఆపి, “మా ఆవిడే దింపింది,” అని చెప్పుకున్నాడు.