వండినోళ్ళను పిలువు!

సుశీలమ్మగారు తన ముందు పెట్టిన ఏ వంటనూ మొదటిసారే ఒప్పుకొని ఎరుగరు. పెళ్ళి విందులో పప్పును తిప్పి పంపారు. కొత్త వియ్యపురాలి ఇంట్లో పాయసాన్ని తిప్పి పంపారు. భద్రాచలంలో పులిహోర ప్రసాదం నోట్లో వేసుకొని, "పోపు మాడింది స్వామీ" అని పూజారి మొహం మీదే అన్నారు. ఆమె పక్కన భోజనానికి కూర్చోవడమంటే కోర్టులో సాక్షిగా నిలబడినట్టే.

ఆమె జూలూరుపాడు దాటాక అడవి అంచున ఉన్న గిరిజన బాలికల హాస్టల్‌కు వార్డెన్. నేను అదే ఆవరణలోని బడికి కొత్తగా వచ్చిన లెక్కల టీచర్‌ని. నెలకోసారి ఆమెకు ఖమ్మంలో మీటింగు ఉండేది. ఓసారి నాకూ ఊళ్ళో పని ఉండి తోడు వెళ్ళాను. వైరా రోడ్డులో అప్పటికి ఏడాది కిందటే ఒక నార్త్ ఇండియన్ హోటల్ తెరిచారు. ఏసీ ఉంది, మెత్తటి సీట్లున్నాయి, గోడ మీద పగిడీలు కట్టుకొని డోలు వాయించేవాళ్ళ బొమ్మలున్నాయి.

"ప్రమీలా, ఇయ్యాల రొట్టెలు తిందాం పా" అన్నారామె. నేను సంబరపడ్డాను. పాపం, నాకేం తెలుసు!

పాలక్ పన్నీరు, తందూరీ రొట్టెలు, రసమలాయి వచ్చాయి. నేను రెండో రొట్టె చింపుతూ ఉండగా ఆమె ఒక్క ముక్క నోట్లో వేసుకొని కంచం అవతలికి తోశారు.

"ఇదేంది?"

"పాలక్ పన్నీరు మేడం" అన్నాడు కొత్త సర్వరు.

"పాలకూర మీద మీకేం పగ? గిట్ల చంపిన్రేంది? రొట్టె చూస్తె చెప్పు అట్టలెక్కుంది. వండినోళ్ళను పిలువు!"

"వంటోళ్ళు బయటికి రారు మేడం."

"అయితే నేనే లోపలికొస్త."

ఆమె లేచేసరికి గల్లాపెట్టె దగ్గరున్న సేటు కంగారుపడి లోపలికి కేకేశాడు. తలకు గుడ్డ కట్టుకున్న ఒక నడివయసు ఆవిడ బయటికి వచ్చింది. మోచేతుల దాకా పిండి. మొహం తందూరు సెగకు కందిపోయి ఉంది.

"ఆడ కాదు, ఈడ నిలబడు. ఏసీ కింద. నీ మొహం నాకు కనబడాలె!" అని సుశీలమ్మగారు మొదలుపెట్టారు. "నీళ్ళు వాసనొస్తున్నయ్. తాగి చూడు. గుక్కెడు కాదు, గిలాసంత తాగు! ఈ రసమలాయిల చక్కెరున్నదా? తిని చెప్పు. ఒక్క చెంచాకేం తెలుస్తది? మొత్తం తిను!"

ఆ తర్వాత వేలు ఆడిస్తూ, కళ్ళు ఉరుముతూ లంబాడీలోకి దిగారు. ఇరవై ఏళ్ళుగా తండా పిల్లల మధ్య ఉన్న మనిషికి ఆ భాష ధారగా వచ్చు. హోటలంతా తలలు తిప్పి చూస్తోంది. ఆవిడ తల వంచుకొని రసమలాయి తింటోంది. నేను మెనూ కార్డులో మొహం దాచుకున్నాను.

తిరుగు బస్సులో నాకు కోపం ఆగలేదు. "ఇంకోసారి మీతో రాను మేడం. కష్టం చేసుకునే మనిషిని అంతమంది ముందు అన్ని తిట్లా?"

"తిట్టుడేంది? మోకాళ్ళ నొప్పికి దవాఖానకు పోయినవా అనడిగిన. బిడ్డ బాలి ఎట్ల సదువుతున్నదని అడిగిన. గామె కమ్లి. నా హాస్టల్ల వంట చేసేది."

అప్పుడు సంగతి చెప్పారు. రెండేళ్ళ కిందట హాస్టల్‌కు పురుగులు పట్టిన బియ్యం వచ్చాయి. తిప్పి పంపమన్నారు సుశీలమ్మగారు. సరుకు తెచ్చిన కాంట్రాక్టరు వినలేదు. కమ్లి సంచి ఎత్తుకెళ్ళి అతని జీపు బానెట్ మీద కుమ్మరించింది. విచారణ జరిగింది. సుశీలమ్మగారిది పర్మనెంటు ఉద్యోగం కనుక మెమోతో సరిపెట్టారు. కమ్లిది రోజుకూలి కనుక మెమో కూడా దండగనుకొని, రేపటి నుంచి రావద్దన్నారు. బియ్యం మాత్రం మార్చారు. సంచులు కొత్తవి, పురుగులు పాతవే.

"చెప్పింది నేను, చేసింది గామె. కొలువు గామెదే పాయె. ఇప్పుడు పొద్దంత తందూరు ముంగట నిలబడుడు. కూసుంటే సేటు ఊకోడు. కంప్లెయింటు చేస్తెనే బయటికి పిలుస్తడు. నెలకోసారన్న గామెను ఇంకెట్ల చూడాలె చెప్పు?"

నేను అడిగాను. "మరి ఆ పెళ్ళి పప్పు, పాయసం, ప్రసాదం?"

"అవి నిజంగనే బాగలెవ్వు" అన్నారామె, కిటికీలోంచి చూస్తూ.

వానాకాలంలో ఆమెకు కామెర్లు వచ్చాయి. మంచం మీద నుంచే నన్ను పురమాయించారు. "ఈ నెల నువ్వన్న పోయిరా. జర గట్టిగ తిట్టు."

వెళ్ళాను. రొట్టె ఎంత రుచిగా ఉందంటే, సగం తిన్నాక గానీ వచ్చిన పని గుర్తురాలేదు. "ఇది బాగాలేదు" అన్నాను. సేటే స్వయంగా వచ్చాడు.

"ఏం బాగలే మేడం?"

"అది... గుండ్రంగా లేదు."

అతను సగం రొట్టెనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. "పెద్ద మేడం రాలేదా?"

"కామెర్లు."

"గందుకే తిట్లల్ల ఉప్పుకారం లేదు." నా వైపు వంగి గొంతు తగ్గించాడు. "మాది జోధ్‌పూర్ దిక్కు. లంబాడీ మా రాజస్థాన్ మాటకు దగ్గరే, మాకు సగానికెక్కువే సమజైతది. మోకాలు, బిడ్డ సదువు... మొదటి రోజే సమజైంది."

"తెలిసినప్పుడు మీరే ఆమెను కాసేపు కూర్చోనివ్వచ్చు కదా!"

"ఒక్కామెను కూసోనిస్తే లోపల అందరు కూసుంటరు మేడం. హోటల్ ఎట్ల నడుస్తది?"

అతను సిగ్గుపడలేదు. నాకు నోట్లోని రొట్టె చేదైంది. లేచి పోదామనుకునేంతలో అతను హాలంతా వినబడేలా అరిచాడు. "కమ్లీ! జల్దీ రా! మేడం బాగ నారాజున్నరు. ఆమె తినుడయ్యేదాంక ఈడనే ఉండు!" అంటూనే నా ఎదుటి కుర్చీని కాలితో కాస్త ఇవతలికి జరిపి, ఎటో చూస్తూ వెళ్ళిపోయాడు.

కమ్లి వచ్చి కుర్చీలో కూలబడింది. మోకాళ్ళు నిమురుకుంటూ నా కంచంలోకి చూసింది. మిగిలింది ఒక్క రొట్టె ముక్క.

"నిమ్మలంగ తిను టీచరమ్మా" అంది.

ఆ ముక్కను నేను పాతిక తుంపులు చేసుకొని తిన్నాను.