గన్నవరానికి రెండున్నర గంటలు

మొన్న జనవరిలో, తెల్లవారి ఆరింటికి బావ ఫోను చేశాడు. మా అక్క నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిందట. పక్కనున్న పాస్టరుగారు ఫోను అందుకుని, "ప్రయాణం ఎంతసేపమ్మా?" అని అడిగారు.

"పదిన్నర విమానం ఉందండి. గన్నవరానికి రెండున్నర గంటలే," అన్నాను.

పదేళ్లుగా ఆ మాటే చెబుతున్నాను. అంత దూరం పోయానని అక్క బెంగపడుతుందని ఢిల్లీని దగ్గర చేసి చెప్పడం అలవాటైపోయింది. జనవరి మంచులో విమానాలు ఆగిపోతాయని తెలిసీ ఆ పూట నోటికి రాలేదు. గన్నవరం నుంచి మా ఊరికి కారులో ఇంకో రెండు గంటలు. అదంతా కలుపుకుని పాస్టరుగారు సమాధి మూడున్నరకు పెట్టారు.

మా వైపు పెళ్లయిన ఆడమనిషి పోతే పుట్టింటి చీర కప్పాకే పెట్టె మూత వేస్తారు. చర్చికి వెళ్లే ఇళ్లలోనూ అది పోలేదు. అక్క పుట్టింటి తరఫున మిగిలింది నేనొక్కదాన్నే.

డ్యూటీ దిగి వచ్చిన మా అమ్మాయి, నర్సు, టికెట్టు తీసింది. చీర సంచిలో పెట్టుకుని ఏడుంబావుకు ఢిల్లీ పక్కన మేముండే ఘజియాబాద్‌లో కారెక్కాను. విమానాశ్రయానికి కాస్త ఇవతలి ధౌలా కువా చేరేసరికి ఎనిమిదీ నలభై. ముందు బండి వెనక దీపాలు తప్ప ఏమీ కనబడలేదు.

"ఇత్నే కోహ్రే మే జహాజ్ కైసే ఉడేగా, దీదీ?" అన్నాడు డ్రైవరు. ఈ మంచులో ఎలా ఎగురుతుందని అతని అనుమానం.

నిజమే అయింది. విమానాశ్రయంలో అరగంట ఆలస్యమన్నారు, మళ్లీ అరగంట అన్నారు. పక్క కుర్చీలో ఏలూరాయన పెళ్లికి వెళుతున్నాడు. "భోజనాలు అయిపోతాయండి. నాకు అప్పడం ముక్క కూడా మిగల్చరు మావాళ్లు," అన్నాడు. "మీరూ పెళ్లికేనా, ఆంటీ?" నేను చెప్పాను. లేచి వెళ్లి టీ తెచ్చి నా చేతికిచ్చాడు. మళ్లీ పెళ్లి ఊసెత్తలేదు.

పన్నెండింటికి బావతో మాట్లాడాను. "నాలుగున్నర దాకా ఆపుతాం మరియా. ఆపైన చీకటి పడుతుంది," అన్నాడు.

విమానం ఒంటిగంటా నలభైకి లేచింది, నాలుగూ ఐదుకి దిగింది. పధ్నాలుగు వందల కిలోమీటర్లు వచ్చేశాను. కారు ఉయ్యూరు దాటుతుండగా ఫోను మోగింది.

"ఇంక ఆగలేకపోయామమ్మా," అన్నాడు బావ.

"ఏం కప్పారు?"

"మా చెల్లెలిది ఒకటి ఉంటే కప్పాం."

ఆరుంబావుకు సమాధుల దొడ్డికి చేరాను. మట్టి ఇంకా తడిగా ఉంది. మనుషులు వెళ్లిపోయారు. నా చీర ఎవరికివ్వాలో తెలియలేదు.

నాలా ఊరొదిలి దూరం వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ఇంట్లోవాళ్లు అడిగితే విమానం ఎగిరే గంటలు చెప్పకండి. మీ గుమ్మంలోంచి వాళ్ల గుమ్మంలోకి ఎంతో అదీ, చలికాలమైతే దానికి రెట్టింపూ చెప్పండి.

మూడో రోజు ప్రార్థన అయ్యాక తిరుగు విమానమెక్కాను. ఆకాశం కడిగినట్టుంది. పది నిమిషాల ముందే దింపేశారు. "అదృష్టం ఆంటీ," అంది పక్క సీటు పిల్ల, హడావుడిగా లేస్తూ.

ఢిల్లీ మా ఊరికి చాలా దూరం. అక్క ఉండగా ఆ మాట ఒక్కసారీ ఒప్పుకోలేదు.