నూరు శాతం చార్జితో లంబసింగి ఘాట్

అరకు రైలుకి టికెట్లు దొరకలేదు కాబట్టి లంబసింగి వెళ్ళాను. కొండలు పిలిచాయి అని రాయొచ్చు గానీ, పిలిచింది వెయిటింగ్ లిస్టు. దానికి తోడు, విశాఖలో సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు తిరగడానికి తెచ్చిన కొత్త కరెంటు బస్సుల్లో ఆరింటిని చలికాలం రద్దీ కోసం లంబసింగి మీదికి వేశారని ఎవరో చెప్పారు. నడిపేది ఏదో ప్రైవేటు కంపెనీ. ఆ ఆరింట్లో మూడు అప్పటికే షెడ్డులో పడి ఉన్నాయన్న సంగతి బస్సెక్కి కూర్చున్నాక తెలిసింది.

శనివారం ఉదయం పదకొండు పదికి బయలుదేరాం. టికెట్టు రెండు వందల నలభై. కండక్టరు లేడు. డ్రైవరు అప్పలరాజే టికెట్లు కొట్టి, తలుపు వేసి, లగేజీ దారిలో పెట్టినవాళ్ళని తిట్టి, ఆ తర్వాత బస్సు నడుపుతాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఆటోమేటిక్ తలుపు మూడుసార్లు మూసుకోబోయి మూడుసార్లూ తెరుచుకుంది. అడ్డం ఎవరూ లేరు. ఎవరో ఉన్నారని దాని అనుమానం.

"ఎవలూ లేరే తల్లీ, మూసుకో," అని అప్పలరాజు బతిమాలాక మూసుకుంది.

బండి మాత్రం చప్పుడు లేకుండా, గుంటల్లో కూడా కుదుపు లేకుండా పోతోంది. స్టాపుల పేర్లు చెప్పే ఆడగొంతు ఒకటుంది. ఆమెకి సిటీ తప్ప లోకం తెలియదు. అనకాపల్లి దాటాక చెరకు తోటల మధ్య "తరువాతి స్టాపు జగదాంబ జంక్షన్" అని ప్రకటించింది. నేను నవ్వాను.

"ఆపడం రావట్లేదు తమ్ముడూ. కంపెనీవోళ్ళకి సెప్పినాను. సూత్తామన్నారు," అన్నాడు అప్పలరాజు.

రెండింటికి నర్సీపట్నం. భోజనం నూట ఇరవై, పప్పుచారు బాగుంది. మళ్ళీ ఎక్కేసరికి డ్రైవరు ముందున్న తెరమీద చార్జి ముప్పై ఎనిమిది శాతం అని ఉంది. నేను ముందు సీట్లో కూర్చోవడం తప్పయింది. ఆ అంకె కనిపించని సీటు అడిగి తీసుకోండి, యాత్ర సుఖంగా ఉంటుంది.

డౌనూరు దాటగానే ఘాట్ మొదలవుతుంది. ఎక్కుతుంటే చెట్లూ లోయలూ చూడాలి. నేను అంకె చూశాను. ముప్పై. ఇరవై మూడు. మలుపు తిరిగితే ఇరవై ఒకటి. అప్పలరాజు ఏసీ ఆపాడు, లోపలి లైట్లు ఆపాడు. తొమ్మిదికి వచ్చేసరికి బస్సులో మాటలు ఆగిపోయాయి. ఒక పక్క కొండ, ఒక పక్క గాలి. డీజిల్ అయిపోతే ఎవరైనా క్యానుతో తెస్తారు. కరెంటు ఏ క్యానులో తెస్తారు? అందరూ ఊపిరి బిగబట్టారు, బరువు తగ్గుతుందేమోనని.

నాలుగూ అయిదుకి, నాలుగు శాతంతో లంబసింగి చేరాం. దిగేవాళ్ళు దిగుతూ అప్పలరాజుని తలా ఒక మాట అన్నారు. "పిల్లా జెల్లాతో ఉన్నాం, చంపేద్దామనుకున్నావా?" అన్నాడో పెద్దాయన. అప్పలరాజు స్టీరింగు వైపు చూస్తూ ఉండిపోయాడు. నేనొక్కణ్ణే మర్యాదగా, "పర్లేదన్నా, ఇంకో మలుపుంటే తోసేవాళ్ళం," అన్నాను. అది మర్యాద కాదని అతని మొహం చెప్పింది.

గది ఎనిమిది వందలు. వేడినీళ్ళు బకెట్టుకి ముప్పై. సాయంత్రం ఆరింటికే బొంగులో చికెన్ తిని, బూట్లతో సహా దుప్పట్లోకి దూరాను.

ఆదివారం ఉదయం ఆరున్నర. మంచు ఎంత దట్టంగా ఉందంటే టీ కొట్టుని వాసన బట్టి కనుక్కున్నాను. కొట్టు పక్కనే చార్జరు, దానికి కట్టేసి మన బస్సు. ఏడింటికి అప్పలరాజు వైరు పీకబోతుంటే తెరమీద ఎనభై అయిదు చూశాను.

"ఇంకా నిండలేదు కదన్నా?"

"కొండమీద ఎనభై అయిదు దాటించొద్దన్నారు."

"ఎందుకూ?"

"ఎందుకో సెప్పలేదు. కరెంటు బిల్లుకేమో."

"నిన్న మా ప్రాణాలు నాలుగు శాతంలో ఉన్నాయి. మొత్తం నింపేయన్నా," అన్నాను. టీ తాగుతున్న మిగతా ప్రయాణికులు కూడా "నింపు, నింపు" అని వంత పాడారు. నిన్న తిట్టిన పెద్దాయన వైరు మీద చెయ్యేసి మరీ నిలబడ్డాడు. అప్పలరాజు రెండు క్షణాలు ఆలోచించాడు. నిన్నటి మాటలు గుర్తొచ్చి ఉంటాయి. వైరు వదిలేశాడు. ఎనిమిదిన్నరకి నూరు అయింది. మేం చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లు వెనక్కి తీసుకోగలిగితే బాగుండునని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

బయలుదేరుతుంటే ఇద్దరు ఆడవాళ్ళు ఎక్కారు. చింతపల్లి వైపు ఊరి నుంచి తెల్లారే వచ్చారట. పెద్దావిడ పేరు కాసులమ్మ. వెనక కోడలు రత్నం, నిండు నెలల కడుపుతో, ఒక్కో అడుగూ చూసి వేస్తూ. నా సీటు ఇచ్చి పక్క వరసలోకి జరిగాను. ఊరికే కూర్చోలేక, "ఆస్పత్రికా?" అన్నాను.

"నర్సీపట్నం ఎల్తన్నాం బాబూ," అంది కాసులమ్మ. "దీనికి మాయ కిందికుందంట. కుదుపు తగిలితే రగతం పోతాదని డాక్టరమ్మ సెప్పింది. ఈయేళే సేరిపోవాలన్నాది. జీపు ఎగరేత్తాది, పాత బస్సు దంచేత్తాది. ఇదైతే పడవలాగ పోతాదంట కదా, అందుకని దీని కోసం కాసుకున్నాం."

రత్నం ఇటు తిరిగి, "భయం నాకు కాదు, మా అత్తకే," అంది. రెండు చేతులూ మాత్రం కడుపు మీదే ఉన్నాయి.

ఊరు దాటగానే దిగుడు. నిన్న కొండ ఎక్కడం భయం అనుకున్నాను. ఎక్కేటప్పుడు బండి ఆగిపోతుందేమోనని భయం, దిగేటప్పుడు ఆగదేమోనని. రెండో దానికి స్థాయి ఎక్కువ.

మొదటి మలుపు దగ్గర అప్పలరాజు యాక్సిలరేటరు మీంచి కాలు తీశాడు. నిన్న డౌనూరు దాకా చూశాను, కాలు తీస్తే చాలు, ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు బస్సు నెమ్మదించేది. ఇప్పుడు ఎవరూ పట్టుకోలేదు. అతను ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. రెండో మలుపులో మళ్ళీ తొక్కాడు. అయిదో మలుపుకి బ్రేకు మీంచి కాలు తీయడమే మానేశాడు. మంచులో ముందు పది గజాల రోడ్డు, ఆ తర్వాత తెల్లగా ఏమీ లేనితనం. ఆ ఆడగొంతు ప్రశాంతంగా "తరువాతి స్టాపు కైలాసగిరి" అంది. ఈసారి నేను నవ్వలేదు. కైలాసం దాకా సరిగ్గానే చెప్పిందనిపించింది.

కాసులమ్మ ముక్కు ఎగరేసింది. "ఏటిది, ఏదో కాల్తన్న వాసన?"

బ్రేకులు. ఇనుమూ రబ్బరూ కలిసి మాడే వాసన. అప్పలరాజు మెడ మీద, ఆ చలిలో, చెమట. "అమ్మా, గట్టిగా పట్టుకోండి," అన్నాడు, వెనక్కి తిరగకుండా. రత్నం కిటికీ కమ్మీ పట్టుకుంది. కాసులమ్మ సీటు పట్టుకోలేదు, కోడల్ని పట్టుకుంది. నేను నా బ్యాగు పట్టుకున్నాను. అందులో రెండు చొక్కాలు, ఒక కాఫీపొడి ప్యాకెట్టు ఉన్నాయి.

నాలుగు కిలోమీటర్లు దిగాక ఒక మలుపులో రోడ్డు వెడల్పుగా ఉంది. బస్సుని కొండ వైపుకి చేర్చి, కొంచెం కొంచెంగా, చివరికి ఆపాడు. హ్యాండ్ బ్రేకు వేశాడు. చక్రాల దగ్గర పొగ. తలుపు తెరుచుకుంది, మొదటిసారే.

నేను ఇంకా దిగనా వద్దా అనుకుంటూ ఉండగానే కాసులమ్మ దిగి, గట్టు మీంచి రాయి ఒకటి దొర్లించుకొచ్చి ముందు చక్రం కింద పెట్టింది. వెనకున్న ఇద్దరు రైతులు కూడా ఎవరూ చెప్పకుండానే తలో రాయీ తెచ్చారు. ఇక్కడి జీపుల్లో ఇదొక అలవాటట. ఘాట్‌లో బండి ఆగిందంటే ముందు రాయి, ఆ తర్వాతే మాట.

"కాలిన బిరేకుని నమ్మకూడదు బాబూ," అంది ఆవిడ, చేతులు దులుపుకుంటూ. "ఇలాటి బస్సులో రాయెందుకు ఎట్టుకోలేదు నాయనా?"

"కంపెనీవోళ్ళు ఇవ్వలేదమ్మా," అన్నాడు అప్పలరాజు. ఆ స్థితిలో కూడా అది కంపెనీ ఇవ్వాల్సిన వస్తువే అని అతని నమ్మకం.

మలుపు చివర ఫోను సిగ్నల్ దొరికింది. అప్పలరాజు విశాఖలోని టెక్నీషియన్‌కి ఫోను చేసి స్పీకర్ పెట్టాడు.

"చార్జి ఎంతుంది?"

"తొంభై ఎనిమిది సార్."

అవతల గొంతు పెరిగింది. "కొండమీద ఎనభై అయిదు దాటించొద్దని చెప్పామా లేదా?"

"సెప్పారు. ఎందుకో సెప్పలేదు."

అప్పుడు చెప్పాడు. దిగుడులో కాలు తీస్తే మోటారే కరెంటు పుట్టించి బ్యాటరీలోకి పంపుతుంది. ఆ పంపడంలోనే బస్సు నెమ్మదిస్తుంది. బ్యాటరీ నిండుగా ఉంటే ఆ కరెంటు పోవడానికి చోటుండదు. నిండిన బిందెలో ఇంకో చెంబు పట్టదు కదా. చోటు లేకపోతే పట్టు లేదు. బరువంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది, అవి కాలతాయి. "బ్రేకులు చల్లారనివ్వండి. వెనక్కి తిప్పి కొండెక్కండి. హీటరు, ఏసీ, లైట్లు అన్నీ వేయండి. తొంభై కిందికి వచ్చాకే దిగండి."

అంటే కిందికి వెళ్ళాలంటే పైకి వెళ్ళాలి. నిన్న ఒక్కో శాతం కోసం ఊపిరి బిగబట్టినవాళ్ళం, ఇవాళ పది శాతం పారబోయడానికి కొండెక్కాలి.

అప్పుడే ఖాళీ జీపొకటి దిగుతూ వచ్చి ఆగింది. నిన్నటి పెద్దాయనా, అతని కుటుంబమూ అందరికంటే ముందు ఎక్కేశారు. ఇంకా ఒకటి రెండు సీట్లున్నాయి. జీపతను రత్నాన్ని చూసి, "బేగి రండమ్మా, గంటలో దింపేత్తాను," అన్నాడు.

కాసులమ్మ జీపు టైర్లని చూసింది, బస్సు చక్రాల పొగని చూసింది. ఆమె మొహంలో రంగు లేదు. ఒకదాన్లో కుదుపు, ఇంకోదాన్లో లోయ. "ఏటి సెయ్యాలే రత్తం?" అని కోడల్నే అడిగింది.

నేను ముందుకొచ్చాను. "అమ్మా, ఎనభై అయిదు దగ్గర ఆపుతుంటే నింపమన్నది నేనే," అన్నాను.

కాసులమ్మ నన్ను కిందనుంచి పైకి చూసింది. "నువ్వు సెప్తే ఆడు ఇన్నాడా? ఆడికంటే నువ్వే నయం, నీకు బండి రాదు." అప్పలరాజు తల దించుకున్నాడు.

రత్నం అతన్నే చూస్తోంది. "డ్రైవరన్నా, నీకు భయమేస్తందా?"

"ఏస్తందమ్మా."

"అయితే నీ బండిలోనే వస్తాను. ఆ జీపోడికి భయం లేదు. గంట అంటన్నాడు, అరగంటకే తోలేస్తాడు."

జీపు వెళ్ళిపోయింది. అందులో ఖాళీగా పోయిన సీటు నేను తీసుకుని ఉండొచ్చు. ఉండిపోవడం ధైర్యం అని ఎవరూ పొరపడకండి. ఆవిడ నా వైపు చూస్తుండగా జీపెక్కే ధైర్యం లేకపోయింది.

బ్రేకులు చల్లారడానికి నలభై నిమిషాలు. తర్వాత ఆ పన్నెండు మీటర్ల బస్సుని ఆ మలుపులో తిప్పడం. రైతులిద్దరూ వెనక నిలబడి "రానీ, రానీ, ఆగు" అంటుంటే, నేను లోయ వైపు చూడకుండా లోయ వైపు కాపలా కాశాను. పైకి ఎక్కాం. ఏసీ, హీటరు రెండూ కలిసి తలకి చలి, కాళ్ళకి వేడి. లంబసింగి దాటి చింతపల్లి రోడ్డు మీద కాస్త దూరం పోయి తిరిగొచ్చాం. టీ కొట్టతను మూడోసారి మమ్మల్ని చూసి చెయ్యూపడం మానేశాడు. పదకొండుంపావుకి తెరమీద ఎనభై తొమ్మిది.

దిగేముందు కాసులమ్మ రాయొకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "డోరు కాడ కూకో. బండి ఆగితే దూకి సక్రం ముందెట్టు. బేగి దూకాల, ఆలోసించకు." పది కిలోల పైనే ఉంటుంది. అంతకుముందు ఏ ఉద్యోగంలోనూ నన్నింత నమ్మలేదు.

మొదటి మలుపు. అప్పలరాజు కాలు తీశాడు. బస్సులో ఎవరూ కదల్లేదు. ఒక క్షణం ఏమీ కాలేదు. ఆ ఒక్క క్షణంలో నాకు తెలిసిన దేవుళ్ళూ, తెలియని కొండదేవతలూ అందరూ అయిపోయారు. తర్వాత వెనక నుంచి ఎవరో మెల్లగా పట్టుకున్నట్టు బండి నెమ్మదించింది. రత్నం కళ్ళు మూసుకుంది. కాసులమ్మ మాత్రం డౌనూరు దాకా కన్నార్పలేదు. నడవడం కంటే కాస్త వేగంగా, గంటకి పైగా దిగాం. ఒకచోట రత్నం "నడుం లాగుతోందత్తా" అంటే అప్పలరాజు ఇంకా నెమ్మది చేశాడు, వెనక లారీలు హారన్లు మోగించినా వినలేదు.

ఒంటిగంటకి నర్సీపట్నం. బస్టాండుకి పోకుండా నేరుగా ఆస్పత్రి గేటు దగ్గర ఆపాడు. అది రూటు కాదు. ఏదో బటన్ నొక్కితే బస్సు ఎడమ పక్కకి వంగింది, మెట్టు నేలకి దగ్గరైంది. రత్నం గడప దిగినంత తేలిగ్గా దిగింది. లోపలికి వెళ్ళేదాకా అందరం చూస్తూ ఉండిపోయాం. అయితే ఒంగిన బస్సు మళ్ళీ లేవలేదు. ఎన్నిసార్లు నొక్కినా ఒంగే ఉంది. అప్పలరాజు షెడ్డుకి ఫోను చేశాడు. షెడ్డు చేరేవాటిలో ఇది నాలుగోది.

నేను రెండున్నరకి మామూలు డీజిల్ బస్సెక్కి విశాఖ బయలుదేరాను. రేపు ఈ దారిన పోయేవాళ్ళకి నా మాట ఇది: ఆ బస్సులు చెడ్డవి కావు, మనూరి కొండల సంగతి వాటికింకా తెలియదు, నడిపేవాళ్ళకి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. కొండమీద ఎక్కితే తెర చూడండి. తొంభై పైన ఉంటే ఇంకో టీ తాగండి. నాలాంటివాడు పక్కన చేరి సలహా ఇస్తుంటే అతన్ని దూరంగా తీసుకెళ్ళండి.

అనకాపల్లి దగ్గర ఫోను మోగింది. ఆస్పత్రి దగ్గర కాసులమ్మకి నంబరు ఇచ్చి వచ్చాను, ఆవిడే. డాక్టరమ్మ చూసిందట, తల్లీ, కడుపులో బిడ్డా బాగున్నారట, కాన్పు దాకా అక్కడే ఉండమందట.

నా రెండో చెయ్యి ఇంకా ముందు సీటు కమ్మీని గట్టిగా పట్టుకునే ఉందని అప్పుడు చూశాను. అవతల ఆవిడే అంది: "ఏటి బాబూ, పలకవు? మాం దిగిపోనాం. నువ్వింకా గాట్లోనే ఉన్నావేటి?"