తరగతి గుమ్మంలో కుక్క

మా అమ్మాయికి ఏడేళ్ళొచ్చినా మాటలు రాలేదు. కాకినాడలో డాక్టరుగారు పరీక్షలు చేసి ఆటిజం అన్నారు. సెల్‌ఫోన్లు ఇంకా మా కోనసీమలో అందరి చేతికీ రాని రోజులు. ఆటిజం అంటే ఏమిటో చుట్టాలకి విడమరిచి చెప్పలేక నా నోరు పడిపోయేది. అంతా విని, "దిష్టి తీయించేరాండీ?" అనేవారు.

అమలాపురంలో ఏ బడికి వెళ్ళినా "మా వల్ల కాదండీ" అన్నారు. చివరికి పి.గన్నవరం దగ్గర ఒక చిన్న ప్రైవేటు స్కూలు హెడ్మిస్ట్రెస్ గారు ఒప్పుకున్నారు. బడి వదిలేదాకా నేను వరండాలో కూర్చోవాలని షరతు పెట్టారు.

కూర్చున్నాను. గంట కొట్టినప్పుడల్లా పిల్ల చెవులు మూసుకుని, కేకలు పెడుతూ బయటికి పరిగెత్తేది. దాని వెనకాల నేను. కిటికీల్లోంచి మిగతా పిల్లలు. రోజూ ఇదే భాగోతం.

ఒకరోజు అలా పరిగెత్తి, కుళాయి దగ్గర పడుకున్న గోధుమరంగు కుక్క మీద పడిపోయింది. క్యారియర్లలో మిగిలిన అన్నం కోసం అక్కడే తిరిగే వీధికుక్క అది. కరిచేస్తుందని నా ప్రాణాలు పైకెళ్ళిపోయాయి. అది కదల్లేదు. పిల్ల దాని వీపుకి మొహం ఆనించి, ఏడుపు ఆపేసింది. నేను ఎత్తుకుంటే గింజుకునే పిల్ల! సంతోషపడాలో, కుక్క ఒంటినిండా ఉన్న పిడుదుల్ని చూసి ఏడవాలో తెలియలేదు.

మర్నాడు కుక్క తరగతి గుమ్మం దాకా వచ్చింది. పిల్ల దాని పక్కనే కుదురుగా కూర్చుంది. హెడ్మిస్ట్రెస్ గారు నన్ను పిలిచారు.

"బళ్ళోకి కుక్కొస్తోందంటే ఎవరైనా పిల్లల్ని పంపుతారాండీ?"

"అది పక్కనుంటేనే మా పిల్ల కూర్చుంటోందండీ. మీరూ చూసేరు కదా."

"ఆయ్, చూసేనండీ. రేపెవర్నైనా కరిస్తే సమాధానం ఎవరు చెప్తారండీ?"

బళ్ళో ఆయా చీపురు తిరగేసి కుక్కని తరిమింది. అది అలా వెళ్ళగానే పిల్ల ఇలా కేకలు అందుకుంది.

మస్కట్‌లో ఉన్న మా ఆయనతో ఫోన్లో మొర పెట్టుకుంటే, "టీవీలో చూసేనే. ఫారిన్‌లో ఇలాంటి పిల్లల కోసం బళ్ళకి కుక్కల్ని తీసుకొస్తారంట. కాకపోతే వాటికి ట్రైనింగుంటుంది, వీధికుక్కలు కాదు" అన్నారు.

"అయితే వచ్చేటప్పుడు ఆ ట్రైనింగు కుక్కనే పట్టుకురండి" అని ఫోను పెట్టేశాను.

ఆ కోపంలోనే కుక్కని ఆటో ఎక్కించి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. దారిలో నా చీర మీద కక్కింది. అక్కడి డాక్టరుగారు "కుక్క మీదేనాండీ?" అన్నారు. కాదనబోయి, "ఆయ్, మాదేనండీ" అన్నాను. ఇంజెక్షన్లు వేయించి, పిడుదులకి మందు రాయించాను. మెడకి బెల్టు కట్టాను. అప్పుడు హెడ్మిస్ట్రెస్ గారు కాస్త దిగొచ్చారు. కుక్క మాత్రం గుమ్మం దాటి లోపలికి రాకూడదన్నారు.

దాంతో మా పిల్లే గుమ్మంలోకి వచ్చేసింది. ఒళ్ళో పలక, కుక్క వీపు మీద ఎడమచెయ్యి. గంట మోగితే కేకలు ఉండేవి కానీ, లేచి పరిగెత్తడం మానేసింది. కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం గంట కొట్టగానే రెండు చేతులూ ఎత్తి, తన చెవులు కాదు, కుక్క చెవులు మూసింది. అది తల విదిలించుకుంటే మళ్ళీ మూసింది. ఒక్క కేక కూడా పెట్టలేదు. నేను వరండాలో లేచి నిలబడిపోయాను.

మొదటి మాటా ఆ ఏడే వచ్చింది. అమ్మా కాదు, నాన్నా కాదు. కుక్కని తోలుతూ ఆయా అనే "ఛీ, పో." అదీ కుక్కతో కాదు, ముద్ద కలిపి నోటికందిస్తున్న నాతో! ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట అదైనందుకు ఒళ్ళు మండింది. మళ్ళీ అంటుందేమోనని ఇంకో ముద్ద నోటి దగ్గరికి తీసుకెళ్ళాను. అంది.

స్కూలు యానివర్సరీ రోజున హెడ్మిస్ట్రెస్ గారు మైకులో, "ఆ కుక్కని మేం మొదట్నుంచీ ప్రోత్సహించేమండీ" అని చెప్పుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. తెల్లారితే మళ్ళీ పిల్లని అక్కడికే పంపాలి. పళ్ళు కొరుక్కుంటూ నేనూ కొట్టాను.