కువైట్ నుంచి ఐదు గంటలు

నాకు ఆరేళ్లప్పుడు మా అమ్మ కువైట్‌కు ఇంటిపనికి పోయింది. వానలు లేక మా చేను బీడుపడిన ఏడు అది. హిందూపురం బస్టాండులో అవ్వ నన్ను గట్టిగా పట్టుకుంది. బెంగళూరు బస్సెక్కిన అమ్మ కిటికీలోంచి నా వైపు చూడనే లేదు. చూస్తే దిగిపోతానని భయమేసిందని చాన్నాళ్ల తర్వాత ఫోన్‌లో చెప్పింది.

పెనుకొండ దగ్గరి మా పల్లెలో నాయన గొర్రెలు కాసేవాడు. నన్ను అవ్వ సాకింది. నేను అయిదో తరగతిలో ఉండగా, కువైట్ ఎంత దూరమని సారును అడిగాను. ఆయన సెల్‌ఫోన్‌లో చూసి, బెంగళూరు నుంచి విమానంలో ఐదు గంటలన్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. నాయన ధర్మవరం సంతకు పోయి రావడానికే అంతకన్నా ఎక్కువ పట్టేది.

సాయంత్రం మందను దొడ్లోకి తోలుతున్న నాయనతో అన్నాను. “ఐదు గంటలే అంట నాయనా. పొద్దున బయలుదేరితే మాపటికి ఈడుంటాది. మరి అమ్మ ఎందుకు రాదు?”

నాయన దొడ్డికి ముళ్లకంప అడ్డం పెట్టాడు. “మీ అమ్మ పాస్‌పోర్టు ఆ ఇంటోళ్ల బీరువాలో ఉండాది పాపా,” అన్నాడు.

అవ్వ చనిపోయినప్పుడు కూడా వాళ్లు పంపలేదు. అమ్మ ఫోన్‌లోనే చూసి ఏడ్చింది. మధ్యలో ఒక్కసారి సెలవు మీద వచ్చింది కానీ, ఆమె పక్కన పడుకోవడానికి నాకు సిగ్గేసింది. కువైట్‌లో ఆ ఇంటోళ్లకు పుట్టిన పాపను పురిట్లోంచి పెంచింది అమ్మేనని అప్పుడే తెలిసింది.

పోయినేడు అమ్మ పూర్తిగా వచ్చేసింది. అప్పటికి నేను ఫ్యాక్టరీలో పనికి చేరాను. మొదటి రోజు తనే వండి నాకు వడ్డించింది. కూరలోంచి ఎర్రగడ్డ ముక్కలన్నీ ఏరి పక్కన పెడుతుంటే, ఎందుకమ్మా అని అడిగాను.

“నీకు పడవు కదా తల్లీ,” అంది.

నాకు ఎర్రగడ్డలంటే ప్రాణం, పచ్చి ఉల్లి కూడా కొరుక్కుని తింటాను. పడనిది నాకు కాదు, ఆ కువైట్ పాపకు. అది అమ్మకూ ఆ క్షణంలోనే తట్టింది. చెయ్యి అట్లే ఆగిపోయింది. నేను ఆ ముక్కల్ని మళ్లీ నా ముద్దలో కలుపుకుని తిన్నాను.

అప్పుడప్పుడు ఆ పాప వీడియోకాల్ చేస్తుంది. అమ్మ అరబ్బీలో ఏదో బుజ్జగిస్తుంది. ఆ మాటలు నాకు అర్థం కావు. ఆ గొంతు మాత్రం నేనెప్పుడూ వినని గొంతు. వింటూ కూర్చోలేక బయటికి పోతాను. అమ్మ మీద కోపం లేదు. ఆ పిల్ల మీదా లేదు. కోపమైతే ఎప్పటికో ఒకప్పటికి తగ్గేది.

ఈమధ్య ఒక ఆదివారం అమ్మ నా పక్కన కూర్చుని, “నీకేమేమి ఇష్టమో చెప్పు పాపా,” అంది. చెప్పడం మొదలుపెట్టాను. కన్నతల్లికి, కొత్తగా పరిచయమైన మనిషికి చెప్పినట్టు చెబుతున్నానని అనిపించి, నడుమలోనే ఆపేశాను. గడపలో కూర్చున్న నాయన లేచి గొర్రెల దగ్గరికి వెళ్లిపోయాడు.