చెయ్యి చాపినంత దూరం

అరవైతొమ్మిదిల తెలంగాణ ఉద్యమం నడిచేటప్పుడు, చేవెళ్ల పోయే మా బస్సును కాలేజీ పిల్లలు మొయినాబాద్ కాడ ఆపిన్రు. అందరం దిగి నీడకు కూసున్నం. నా పక్కన మందం అద్దాలు పెట్టుకున్న ముసలాయన ఉండె. పాత సిపాయి, పోటీలల్ల తుపాకి గురి కొట్టేటోడట.

"కంట్ల పొర తీసిన్రు బిడ్డా. డాక్టరు చదివేటందుకు ఒక అద్దాలు, దూరం చూసేటందుకు ఒక అద్దాలు రాసిండు. నేను మూడోది అడిగిన."

"మూడోది ఎందుకు బాపు?"

ఆయన కుడిచెయ్యి నిటారుగ చాపి, బొటనవేలు లేపి, ఎడమకన్ను మూసిండు.

"తుపాకి కొసకు గురి చూసే ముల్లు గీడ ఉంటది. ఇది సాఫ్ కనబడాలె. అవతల గురి జర మసకున్నా ఫికర్ లేదు. డాక్టరు నవ్విండు గని రాసిచ్చిండు."

"మరి తగిలిందా?"

"నిన్నటి పోటీల తగిలింది," అని బస్సు కదిలేదాక ఆ వేలునే చూసుకుంట మురిసిండు.

ఇన్నేండ్లకు మొన్న నాకూ పొర తీసి కంట్ల లెన్స్ పెట్టేముందు డాక్టరమ్మ, "దగ్గర బాగా కనబడాల్నా, దూరమా?" అనడిగింది.

నేను చెయ్యి చాపి బొటనవేలు లేపిన. నాకు తుపాకి లేదు గని, కుట్టుమిషన్ ఉన్నది.