కప్పిన చోట తవ్వకు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కోడిని కోస్తే నాన్నగారు నెత్తురంతా నేలమీద కారిపోనిచ్చి, పైన గుప్పెడు మన్ను కప్పేవారు. ప్రాణం రక్తంలో ఉంటుందనీ, అది దేవునిదనీ, మనం తినకూడదనీ చెప్పేవారు. కొల్లేటి అంచున ఉన్న మా ఊరి సంఘానికి ఆయన పెద్ద. ఆదివారం పిల్లలకు వాక్యం నేర్పేదీ ఆయనే. అక్షరాలు దిద్దకముందే ఆ ఆజ్ఞ నాకు కంఠతా వచ్చు.

పదేళ్లప్పుడు కింది దవడ పన్ను పుచ్చిపోయి నా చెంప బూరెలా పొంగింది. లవంగం పెట్టారు, ఉప్పు పెట్టారు, నలుగురూ చేతులుంచి ప్రార్థన చేశారు. వాపు తగ్గలేదు. అమ్మ నన్ను పడవలో రేవు దాటించి, బస్సెక్కించి ఏలూరులో మిషన్ ఆసుపత్రికి తీసుకెళ్లింది. వారమంతా నాట్లేసి వచ్చిన ఒళ్లు ఆమెది. దారి పొడవునా కునికిపాట్లు పడుతూనే ఉంది.

సూది వేసి పన్ను తీశారు. అక్కడున్న పెద్ద నర్సమ్మగారు ఆ గుంటమీద దూది మడత పెట్టి, గంటసేపు గట్టిగా కొరికి పట్టుకోవాలనీ, ఉమ్మకూడదనీ, ఈ రోజంతా పుక్కిలించకూడదనీ చెప్పారు. అమ్మ తలూపింది. సగం కూడా ఆమె చెవిన పడి ఉండదు. వరండాలో స్తంభానికి ఆనుకుని నిమిషంలో నిద్రపోయింది.

కాసేపటికి నా నాలుకకు ఉప్పగా తగిలింది. రక్తం! మింగితే పాపం. దూది తీసి పారేసి కాలువలో ఉమ్మాను. మళ్లీ ఊరింది, మళ్లీ ఉమ్మాను. కుళాయి దగ్గరికి వెళ్లి నోరంతా పుక్కిలించి వచ్చాను. ఉమ్మినకొద్దీ ఎక్కువైందే గాని తగ్గలేదు. అమ్మ కళ్లు తెరిచేసరికి నా గౌను ముందు భాగమంతా ఎర్రగా ఉంది. ఆమె పెట్టిన కేకకు వరండాలో వాళ్లంతా లేచారు. చచ్చిపోతానని నాకూ అనిపించింది. అంతకంటే పెద్ద భయం ఇంకోటి ఉంది. ఎంత జాగ్రత్త పడ్డా రెండు గుటకలు లోపలికి పోయాయి. ఆ పాపంతోనే దేవుని ముందు నిలబడాలి కదా అని.

నర్సమ్మగారు అప్పటికి డ్యూటీ దిగి, సంచీ భుజాన వేసుకుని గేటుదాకా వెళ్లారు. పొద్దుటినుంచీ నిలబడి నిలబడి పాదాలు వాచి, చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నారు. అమ్మ కేక విని ఆగి, ఒక్క క్షణం గేటు కమ్మీ పట్టుకుని నిలబడి, వెనక్కి తిరిగారు. చేతులు కడుక్కుని, కొత్త దూది పెట్టి, నా దవడ కింద తన అరచెయ్యి ఆనించి నొక్కిపట్టారు.

"దూది ఎందుకు పీకేశావే, నీకేం పోయేకాలం!" అని అమ్మ ఏడుస్తూనే తిడుతోంది. నేను దూది సందుల్లోంచే చెప్పాను, "రక్తం మింగితే పాపం కదండీ, నాన్నగారు మన్ను కప్పేస్తారండీ."

వరండాలో ఎవరో పకపకా నవ్వారు. "పాస్టరమ్మగారు దొరికారండోయ్ మనకి" అన్నారు. నర్సమ్మగారు మాత్రం నవ్వలేదు.

"మీ నాన్నగారు చెప్పింది నిజమేనమ్మా. కానీ ఆ ఆజ్ఞ మనం కోసుకు తినే జీవాల గురించి. ఇది నీది. నీ ప్రాణం నీలోకే పోతంటే దేవుడెందుకు కోప్పడతాడు? పన్ను పోయిన గుంటలో నెత్తురు గడ్డకట్టి మూతలా పడుద్ది. దాని కిందే ఎముక మానుద్ది. నువ్వు ఉమ్మినప్పుడల్లా ఆ మూత లేచిపోతంది. మీ నాన్నగారు మన్ను కప్పినట్టు ఇక్కడ దేవుడే కప్పుతున్నాడు. కప్పిన చోట తవ్వకు."

తర్వాత ఒక పని పెట్టారు. నాకు వచ్చిన కీర్తనలన్నీ నోరు తెరవకుండా మనసులో చెప్పుకోవాలి. పెదవి కదిలితే మళ్లీ మొదటినుంచి. రెండుసార్లు కదిపి దొరికిపోయాను. మూడోసారి మధ్యలో ఉండగా చూస్తే నర్సమ్మగారు కూర్చునే నిద్రపోతున్నారు. చెయ్యి మాత్రం నా దవడ మీదనుంచి జారలేదు. ఆమె ఎక్కాల్సిన బస్సు నా కళ్లముందే వెళ్లిపోయింది. కీర్తనలు అయ్యేసరికి రక్తం ఆగింది.

మేం బయల్దేరేముందు నర్సమ్మగారు అమ్మకు మళ్లీ మొదటినుంచి చెప్పి, తిరిగి అప్పజెప్పించుకున్నారు. ఇవాళ చల్లారిన గంజి, మజ్జిగన్నం. వేడివి వద్దు, ఏదీ పీల్చి తాగొద్దు, నాలుకతో గుంట కెలకొద్దు. ఉమ్ములో కాస్త ఎరుపు కనబడితే కంగారొద్దు, కారుతూనే ఉంటే మాత్రం రావాలి. రేపటినుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లు నోట్లో పోసుకుని మెల్లగా వదిలెయ్యాలి. రోజులు గడిచేకొద్దీ నొప్పి తగ్గాలి. మూడోనాడు తగ్గకపోగా పెరిగితే ఆగకుండా తీసుకురావాలి. ఇంటికెళ్లాక అమ్మ జరిగిందంతా నాన్నగారికి చెప్పింది. ఆ ఆదివారం పిల్లలకు అదే ఆజ్ఞ చెప్పి, చివర్లో, పన్ను ఊడినప్పుడు వచ్చేది దీని కిందికి రాదు అని మెల్లగా కలిపారు. నావైపు చూడలేదు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. పోయిన నెల ఏలూరులోనే ఇంకో పన్ను తీయించుకున్నాను. నా మనవరాలి ఈడు డాక్టరమ్మ. గుండెకు వాడుతున్న మాత్రల సంగతి ముందే చెప్పాను, రక్తం పలచబరిచేవి ఉంటే వాళ్లకు తెలియాలి కదా, మనంతట మనం మానేయకూడదు. పన్ను తీశాక ఆ అమ్మాయి చేతికిచ్చిన కాగితం చదివితే అన్నీ ఆ వరండాలో విన్న మాటలే. పక్క కుర్చీలో భీమడోలు నుంచి వచ్చినావిడ, రూట్ కెనాల్ సగంలో నొప్పి పోయిందని మానేసి, ఇప్పుడు వాపుతో తిరిగొచ్చింది. నొప్పి పోవడం వేరు, లోపల మానడం వేరు అని చెబుదామనుకున్నాను. కానీ నా నోట్లో దూది ఉంది. ఆమె చెయ్యి పట్టుకుని ఊరుకున్నాను.

ఈ మధ్య తొందరగా అలసిపోతున్నాను. ఆసుపత్రుల్లో ఉన్నవాళ్లకు ప్రార్థన చేసి ఇంటికొచ్చి, కాళ్లు చాపుకున్నాక, ఇంకొకరి కోసం రమ్మని ఎవరైనా తలుపు తడితే, లేవలేను ప్రభువా అని పైకే అంటాను. అప్పుడు గేటు కమ్మీ పట్టుకుని నిలబడ్డ నర్సమ్మగారి వాచిన పాదాలు కనబడతాయి. ఆమెకూ ఓపిక లేదు. అయినా వెనక్కి తిరిగారు. నేనూ గోడ పట్టుకుని లేస్తాను.